ప్రొపెల్లరు, రెక్క: పరస్పర వాయుప్రభావాల గణిత నమూనాలు – శక్తి లెక్క చెప్పే హద్దులు

వ్యాససంగ్రహం

ప్రొపెల్లరు వెనక్కి నెట్టే గాలి రెక్కను తాకుతుంది. రెక్క తన ముందున్న గాలిని వంచి ప్రొపెల్లరు పనితీరును మారుస్తుంది. ఈ రెండింటినీ విడివిడిగా లెక్కించి ఫలితాలను కూడితే వచ్చే సమాధానం కొన్నిసార్లు శక్తి నిత్యత్వ నియమానికే విరుద్ధంగా ఉంటుంది. ఏటీఆర్ 72 తరగతి విమానం కొలతలను ఉదాహరణగా తీసుకొని, టేకాఫ్‌లోనూ క్రూయిజ్‌లోనూ ఈ ప్రభావాల పరిమాణాన్ని అంచనా వేయడం, ఏ ప్రశ్నకు ఏ స్థాయి నమూనా సరిపోతుందో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ప్రొపెల్లరు ప్రవాహం, మెలి, ఉత్థాపక రేఖ, ప్రేరక చక్రం, ఏటీఆర్ 72, రొద్దం నరసింహ, ప్రాంతీయ విమానయానం.

1. ఉపోద్ఘాతం

సంగారెడ్డి జిల్లాలోని కోహీర్, జహీరాబాదు ప్రాంతాలకు పొరుగున, రాష్ట్ర సరిహద్దుకు ఆవల బీదర్ విమానాశ్రయం ఉంది. 2020 ఫిబ్రవరిలో అక్కడి నుంచి బెంగళూరుకు ఉడాన్ పథకం కింద పౌర విమాన సేవ మొదలైంది. ఆ సేవను నడిపిన ట్రూజెట్, 2015లో హైదరాబాదు కేంద్రంగా కార్యకలాపాలు ప్రారంభించిన సంస్థ. అది వాడిన విమానం ఏటీఆర్ 72. రెండు ప్రొపెల్లర్లు, ఒక్కొక్కదానికి ఆరు బ్లేడులు, పైన అమర్చిన పొడవైన రెక్క దీని లక్షణాలు. చిన్న పట్టణాలను కలిపే తక్కువ దూరాల ప్రయాణానికి, పొట్టి రన్‌వేలకు ఈ తరగతి విమానాలు అనువైనవి. వైమానిక దళానికి అధికారులను తీర్చిదిద్దే దుండిగల్ అకాడమీలో 2013 నుంచి వాడుకలో ఉన్న పిలాటస్ పీసీ-7 మార్క్ 2 కూడా ప్రొపెల్లరు విమానమే. జహీరాబాదు మీదుగా పోయే 65వ జాతీయ రహదారి పక్కన కందిలో ఉన్న హైదరాబాదు ఐఐటీలో మానవరహిత విమానాల పరిశోధన సాగుతోంది. వాటిలోనూ అధికభాగం ప్రొపెల్లరుతోనే ఎగురుతాయి.

కాబట్టి ప్రొపెల్లరు జెట్ యుగంతో గతించిన పరికరం కాదు. తక్కువ వేగాల్లో, తక్కువ దూరాల్లో దాని దక్షతను మించినది నేటికీ లేదు. అయితే ఆ దక్షతలో చివరి రెండు మూడు శాతం ఎక్కడ దాగి ఉందో తెలుసుకోవాలంటే ప్రొపెల్లరును గానీ రెక్కను గానీ ఒంటరిగా చూస్తే చాలదు. అవి ఒకదాని గాలిలో మరొకటి పనిచేస్తాయి. ఈ పరస్పర ప్రభావాన్ని లెక్కలోకి తెచ్చే పద్ధతులు చాలా ఉన్నాయి. వాటిలో దేనిని నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. ప్రొపెల్లరు రెక్కకు ఇచ్చే వేగం

ప్రొపెల్లరును లెక్కించే అతి సరళమైన పద్ధతి రాంకిన్ 1865లో సూచించగా, ఆర్.ఇ. ఫ్రౌడ్ 1889 నాటికి పూర్తిచేసిన ద్రవ్యవేగ సిద్ధాంతం. ఇందులో బ్లేడులు కనిపించవు. వాటి స్థానంలో గాలిని వెనక్కి నెట్టే ఒక పలుచని ఊహా చక్రం ఉంటుంది. దానిని ప్రేరక చక్రం అందాం. చక్రం దగ్గర గాలి కొంత అదనపు వేగం పొందుతుంది. దీనిని ప్రేరిత వేగం అంటారు. చక్రం నుంచి చాలా వెనక్కి పోయాక ఆ అదనపు వేగం సరిగ్గా రెట్టింపవుతుంది. సూత్రం ఇది:

థ్రస్టు = 2 × గాలి సాంద్రత × చక్ర వైశాల్యం × (విమాన వేగం + ప్రేరిత వేగం) × ప్రేరిత వేగం

ఏటీఆర్ 72 ప్రొపెల్లరు వ్యాసం 3.93 మీటర్లు, చక్ర వైశాల్యం 12.1 చదరపు మీటర్లు. రెక్కల మొత్తం పొడవు 27.05 మీటర్లు, వైశాల్యం 61 చదరపు మీటర్లు. టేకాఫ్‌లో ఒక్కొక్క ఇంజను 2,475 అశ్వసామర్థ్యం, అంటే సుమారు 1,850 కిలోవాట్లు ఇస్తుంది. సముద్రమట్టానికి 600 మీటర్ల ఎత్తున ఉన్న మన పీఠభూమి మీద, 28 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.09 కిలోగ్రాములు. టేకాఫ్ వేగాన్ని సెకనుకు 55 మీటర్లుగా, క్రూయిజ్ వేగాన్ని 5,200 మీటర్ల ఎత్తున సెకనుకు 140 మీటర్లుగా తీసుకుందాం. క్రూయిజ్‌లో బరువు 22 టన్నులు, ఉత్థాపనానికీ డ్రాగ్‌కూ నిష్పత్తి 15 నుంచి 16, ప్రొపెల్లరు దక్షత 85 శాతం అనుకుందాం. ప్రొపెల్లరు చక్రం నుంచి ఒక వ్యాసార్ధం దూరంలో, అంటే దాదాపు 2 మీటర్ల వెనక, రెక్క పావు వెడల్పు రేఖ ఉందని భావిద్దాం. ఈ చివరి మూడు వాక్యాల్లోనివి ఉదాహరణకోసం ఎంచుకున్న విలువలు. వాటితో చేసిన లెక్క ఫలితాలు పట్టిక 1లో ఉన్నాయి.

పట్టిక 1: ఒక్క ప్రొపెల్లరు ప్రవాహానికి అంచనాలు

| రాశి | టేకాఫ్ | క్రూయిజ్ |
|---|---|---|
| విమాన వేగం (మీ./సె.) | 55 | 140 |
| గాలి సాంద్రత (కి.గ్రా./ఘ.మీ.) | 1.09 | 0.72 |
| థ్రస్టు (కిలోన్యూటన్లు) | 25 | 7 |
| ఇంజను సామర్థ్యం (కిలోవాట్లు) | 1,850 | 1,150 |
| చక్రం వద్ద ప్రేరిత వేగం (మీ./సె.) | 13.7 | 2.8 |
| రెక్క వద్ద గాలి వేగం (మీ./సె.) | 78.5 | 144.8 |
| గతిక పీడన నిష్పత్తి | 2.04 | 1.07 |
| మెలి వేగం (మీ./సె.) | 12.4 | 6.9 |
| మెలి కోణం (డిగ్రీలు) | 9.0 | 2.7 |
| మెలిలోని గతిజ శక్తి (కిలోవాట్లు) | 70 | 30 |

టేకాఫ్‌లో రెక్కకు తగిలే గాలి విమాన వేగం కంటె 43 శాతం ఎక్కువ వేగంతో వస్తుంది. గతిక పీడనం వేగ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కనుక అది రెట్టింపవుతుంది. క్రూయిజ్‌లో పెరుగుదల 3.4 శాతం మాత్రమే. ఒకే ప్రొపెల్లరు, ఒకే రెక్క అయినా రెండు దశల్లో ఎదురయ్యే సమస్యలు వేర్వేరు.

వేగం పెరిగితే ప్రవాహం సన్నబడుతుంది. టేకాఫ్‌లో రెక్క దగ్గర ఒక్కొక్క ప్రవాహం వ్యాసం 3.68 మీటర్లు. రెండూ కలిసి రెక్క పొడవులో 27 శాతాన్ని కప్పుతాయి. 27 శాతం రెక్క మీద గతిక పీడనం రెట్టింపయింది కనుక మొత్తం ఉత్థాపనం 28 శాతం పెరుగుతుందని తోచవచ్చు. అది నిజం కాదు. రెక్క ఉత్థాపనం పొందేది తనకు తగిలే పలుచని పొరను వంచడం వల్ల మాత్రమే కాదు. తనకు పైనా కిందా చాలా ఎత్తువరకు గాలిని వంచడం వల్ల. వేగంగా కదిలే గాలి స్తంభం ఎత్తు పరిమితం. దాని అంచుకు ఆవలి గాలి మామూలు వేగంతోనే కదులుతుంది. అంచు వద్ద రెండువైపులా పీడనం సమానంగా ఉండవలసి రావడంతో లోపలి ప్రవాహం అనంతమైన ఎత్తు ఉన్నప్పుడు ఇచ్చినంత ఉత్థాపనాన్ని ఇవ్వలేదు. స్తంభం ఎత్తు రెక్క వెడల్పు కంటె చాలా ఎక్కువైతే మన సరళమైన లెక్క సరిపోతుంది. స్తంభం బాగా పలుచనైతే ఆవలి గాలే ఉత్థాపనాన్ని నిర్ణయిస్తుంది. ఇక్కడ ప్రవాహ వ్యాసం, రెక్క వెడల్పు ఒకే స్థాయి రాశులు కనుక నిజమైన ఫలితం రెండింటి మధ్యన, 28 శాతానికి బాగా తక్కువగా ఉంటుంది. ఈ పరిమిత ఎత్తు సమస్యను మొదట క్రమబద్ధంగా చర్చించినవాడు డచ్ శాస్త్రవేత్త కోనింగ్. డ్యూరండ్ సంపాదకత్వంలో వెలువడిన వాయుగతిశాస్త్ర సంపుటాల్లో 1935లో ఆయన రాసిన అధ్యాయం నేటికీ ఈ అంశంలో తొలి ఆధారం.

3. మెలి

తిరిగే ప్రొపెల్లరు గాలిని వెనక్కి నెట్టడమే కాక తాను తిరిగే దిశలో కొంత తిప్పుతుంది. ఈ భ్రమణాన్ని మెలి అందాం. దాని పరిమాణాన్ని కోణీయ ద్రవ్యవేగ నియమం ఇస్తుంది: ఇంజను టార్క్ మొత్తం గాలికి కోణీయ ద్రవ్యవేగంగా చేరాలి. టేకాఫ్‌లో ప్రొపెల్లరు నిమిషానికి 1,200 భ్రమణాలు చేస్తుంది. టార్క్ సుమారు 14,700 న్యూటన్ మీటర్లు. సెకనుకు చక్రం గుండా సుమారు 909 కిలోగ్రాముల గాలి పోతుంది. అక్షం నుంచి 1.3 మీటర్ల దూరంలో మెలి వేగం సెకనుకు 12.4 మీటర్లు వస్తుంది. రెక్కకు గాలి ఒకవైపు 9 డిగ్రీలు కింది నుంచి పైకి, మరోవైపు 9 డిగ్రీలు పై నుంచి కిందికి వాలి తగులుతుంది.

క్రూయిజ్‌లో ఈ కోణం 2.7 డిగ్రీలు. చిన్నదిగా కనిపించినా, ఆ దశలో రెక్క తన శూన్య ఉత్థాపన దిశ నుంచి సుమారు 5.5 డిగ్రీల ఎదురుకోణంతో పనిచేస్తుంది. గాలి వచ్చే దిశకూ రెక్క అడ్డుగీతకూ మధ్య కోణమే ఎదురుకోణం. అంటే మెలి ఆ కోణాన్ని ఒకవైపు దాదాపు సగం పెంచి, మరోవైపు సగం తగ్గిస్తుంది. క్రూయిజ్‌లో వేగం పెరగడం వల్ల కలిగే ప్రభావం అత్యల్పం; మిగిలేది మెలి ప్రభావమే. ప్రొపెల్లరు ప్రవాహాన్ని కేవలం వేగపు పెంపుగా చూపే నమూనా టేకాఫ్‌లో కొంత పనికివచ్చినా, ఇంధనంలో అధికభాగం ఖర్చయ్యే క్రూయిజ్‌లో అసలు విషయాన్నే వదిలేస్తుంది.

మెలి వల్ల రెక్కకు ఒక లాభం ఉంది. ఉత్థాపన బలం ఎప్పుడూ ఎదురొచ్చే గాలికి లంబంగా ఉంటుంది. గాలి కింది నుంచి పైకి వస్తే ఆ బలం ముందుకు వాలుతుంది. పై నుంచి వస్తే వెనక్కి వాలుతుంది. ఒకవైపు ముందుకు, మరోవైపు వెనక్కి వాలితే రెండూ రద్దు కావా? కావు. పైకి వచ్చే వైపు ఉత్థాపనం పెరిగి ముందుకు వాలుతుంది. కిందికి వచ్చే వైపు ఉత్థాపనం తగ్గి వెనక్కి వాలుతుంది. పెద్ద బలం ముందుకు, చిన్న బలం వెనక్కి కనుక మొత్తం మీద ముందుకు నెట్టే బలమే మిగులుతుంది. దాని పరిమాణం:

నికర ముందు బలం = 2 × ఉత్థాపనంలో మార్పు × మెలి కోణం

ఉత్థాపనంలో మార్పు కూడా మెలి కోణానికి అనులోమానుపాతం కనుక ఈ లాభం ఆ కోణపు వర్గాన్ని అనుసరిస్తుంది. ప్రొపెల్లరు ఏ దిశలో తిరిగినా లాభం ఉంటుంది.

4. ఉచితంగా శక్తి వచ్చినట్లు చూపే లెక్క

ఇప్పుడు పై సూత్రంలో క్రూయిజ్ అంకెలు ఉంచి చూద్దాం. రెక్క మీటరు పొడవుకు సగటు ఉత్థాపనం 7,970 న్యూటన్లు. ప్రవాహంలో సగభాగం పొడవు 1.95 మీటర్లు. ఎదురుకోణం సగం మారింది కనుక ఉత్థాపనం కూడా సగం మారిందనుకుంటే ఒక్కొక్క సగంలో మార్పు 7,770 న్యూటన్లు. నికర ముందు బలం 740 న్యూటన్లు. ఇది ప్రొపెల్లరు థ్రస్టులో పదో వంతుకు మించినది. సెకనుకు 140 మీటర్ల వేగంతో గుణిస్తే 104 కిలోవాట్లు.

కానీ పట్టిక 1 ప్రకారం మెలిలో ఉన్న గతిజ శక్తి మొత్తం 30 కిలోవాట్లే. ఉన్నదానికి మూడున్నర రెట్లు తిరిగి రాబట్టడం అసాధ్యం. లెక్కలో కూడికల తప్పు లేదు. ఊహలోనే లోపం ఉంది. రెక్కను చిన్నచిన్న పట్టీలుగా కోసి, ప్రతి పట్టీ తనకు తగిలే గాలికి మాత్రమే స్పందిస్తుందని, పక్క పట్టీతో సంబంధం లేదని మనం భావించాం. వాస్తవానికి రెక్క పొడవునా ఉత్థాపనం మారిన ప్రతిచోటా దాని వెనక సుడి పుడుతుంది. ఒకవైపు ఎక్కువ, పక్కనే తక్కువ ఉత్థాపనం ఉన్నచోట బలమైన సుడులు ఏర్పడి, మెలి తెచ్చిన కోణ భేదాన్ని తగ్గించే దిశలో గాలిని వంచుతాయి. ఫలితంగా ఉత్థాపనంలో మార్పు, బలం వాలే కోణం రెండూ తగ్గుతాయి. ప్రాంటల్ 1918లో ప్రచురించిన ఉత్థాపక రేఖ సిద్ధాంతం ఈ సుడులను లెక్కలోకి తెస్తుంది. అందువల్ల ఈ సమస్యలో అంగీకరించదగిన కనీస నమూనా అదే.

ఈ శక్తి లెక్క నమూనాలను పరీక్షించడానికి చేతివేళ్ల మీద చేయగల ఒరగల్లు. మన ఉదాహరణలో మెలి శక్తి ఇంజను సామర్థ్యంలో 2.6 శాతం. అదంతా కూడా రెక్కకు చిక్కదు. రెక్క ప్రవాహం మధ్యన అడ్డంగా ఉన్న ఒక ఫలకం మాత్రమే. దానికి దూరంగా, పైనా కిందా పోయే మెలిలో చాలాభాగం అంటకుండానే దాటిపోతుంది. కాబట్టి సాధారణ అమరికలో రెక్క ద్వారా మెలి నుంచి అయిదు, పది శాతం ఆదా అవుతుందని ఏ నమూనా అయినా చూపితే, దాని రంగుల చిత్రాలను కాక శక్తి లెక్కను ముందుగా అడగాలి.

ఒక మినహాయింపు ఉంది. పై సూత్రంలో రెక్క అసలు ఉత్థాపనం రెండు వైపులా సమానం కనుక దానికి సంబంధించిన పదం రద్దయింది. ప్రొపెల్లరు రెక్క కొసన ఉంటే ప్రవాహంలో సగమే రెక్కకు తగులుతుంది, రద్దు జరగదు. అప్పుడు ప్రొపెల్లరును రెక్క కొస సుడికి ఎదురు దిశలో తిప్పితే ఆ సుడి బలహీనపడి డ్రాగ్ గణనీయంగా తగ్గుతుంది. 1942లో ఎగిరిన వాట్ వి-173 ప్రయోగ విమానం ఈ ఊహ మీదనే నిర్మితమైంది. నాసా ఎక్స్-57 విద్యుత్ విమాన పథకం కూడా కొసల్లో ప్రొపెల్లర్లను ప్రతిపాదించింది. అది ఎగరకుండానే 2023లో ముగిసింది. మామూలు అమరికలోనూ తిరిగే దిశకు కొంత ప్రాధాన్యం ఉంది. రెక్క మీద ఉత్థాపనం మొదలు వైపు ఎక్కువ, కొస వైపు తక్కువ. అందువల్ల విమాన దేహం వైపున బ్లేడు పైకి కదిలేలా తిరిగితే లాభం ఎక్కువ. ఏటీఆర్‌లో రెండు ప్రొపెల్లర్లూ వెనక నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలోనే తిరుగుతాయి. కుడి రెక్కకు అనుకూలమైన దిశ ఎడమ రెక్కకు ప్రతికూలమవుతుంది. ఒకే రకం గేరుబాక్సు, ఒకే రకం ప్రొపెల్లరు వాడే సౌలభ్యానికి ఇది చెల్లించే మూల్యం.

5. రెక్క ప్రొపెల్లరుకు చేసేది

ఇంతవరకు ప్రొపెల్లరు ఇచ్చేదిగా, రెక్క పుచ్చుకునేదిగా చూశాం. అవతలి దిశ కూడా అంతే ముఖ్యం. ఉత్థాపనం ఇచ్చే రెక్క తన ముందున్న గాలిని పైకి వంచుతుంది. క్రూయిజ్‌లో రెక్క వెంట ఉండే బంధిత సుడి బలం చదరపు మీటర్లలో సెకనుకు 79. దానికి 2 మీటర్ల ముందు అది కలిగించే పైదిశ వేగం సెకనుకు 6.3 మీటర్లు, అంటే 2.6 డిగ్రీలు. రెక్క వెనకకు సాగే సుడులు కలిగించే కిందివాలు సుమారు 0.7 డిగ్రీలు తీసివేస్తే దాదాపు 2 డిగ్రీలు మిగులుతుంది. ప్రొపెల్లరు రెక్క మీద వేసే మెలి కోణం 2.7 డిగ్రీలు, రెక్క ప్రొపెల్లరు మీద వేసే వాలు 2 డిగ్రీలు. ఒకదానిని లెక్కించి రెండోదానిని వదిలేయడానికి సమర్థన లేదు.

గాలి వాలుగా వచ్చినప్పుడు కిందికి దిగే బ్లేడుకు ఎదురుకోణం పెరుగుతుంది, పైకి లేచే బ్లేడుకు తగ్గుతుంది. ప్రతి బ్లేడు ప్రతి భ్రమణంలో ఒకసారి బరువెక్కి, ఒకసారి తేలికవుతుంది. బ్లేడు మొదలులో లోహపు అలసటకు ఇది ప్రధాన కారణాల్లో ఒకటి. థ్రస్టు కేంద్రం కూడా అక్షం నుంచి కిందికి దిగే బ్లేడు వైపు జరుగుతుంది. అంతేకాక, వెనకనున్న రెక్క, ఇంజను తొడుగు ముందరి గాలిని కొంత నెమ్మదింపజేస్తాయి. దానివల్ల ప్రొపెల్లరు థ్రస్టు పెరిగినట్లు కనిపిస్తుంది. కానీ ఆ పెరుగుదలలో చాలాభాగం రెక్క మీద, తొడుగు మీద పెరిగిన డ్రాగ్ రూపంలో తిరిగి పోతుంది.

ఇందువల్లనే ఈ సమస్యలో ఖాతాల గందరగోళం తరచుగా తలెత్తుతుంది. రెక్క డ్రాగ్ తగ్గిందని ఒకరు, ప్రొపెల్లరు థ్రస్టు పెరిగిందని మరొకరు చెప్పవచ్చు. ఇద్దరూ ఒకే లాభాన్ని రెండుసార్లు లెక్కించి ఉండవచ్చు. నిర్దిష్టమైన ప్రశ్న ఒక్కటే: అదే బరువును, అదే వేగంతో మోయడానికి ఇంజను షాఫ్టు వద్ద కావలసిన మొత్తం సామర్థ్యం తగ్గిందా, లేదా? 1986లో క్రూ ప్రచురించిన విశ్లేషణ ప్రాధాన్యం ఇక్కడే ఉంది. రెక్కనూ ప్రొపెల్లరునూ ఒకే వ్యవస్థగా భావించి కనిష్ఠ నష్టాన్ని వెదికితే, రెక్క మీద ఉత్థాపనం పరుచుకోవలసిన తీరు ఒంటరి రెక్కకు చెప్పే దీర్ఘవృత్త నియమానికి భిన్నంగా ఉంటుందని ఆ పని చూపింది.

ప్రొపెల్లరు రెక్క వెనక ఉన్న అమరికలో ఈ రెండో దిశే ప్రధానమవుతుంది. బెంగళూరులోని జాతీయ వాయు అంతరిక్ష ప్రయోగశాలలు రూపొందించి, 2004 మే 29న తొలిసారి ఎగిరిన సరస్ విమానంలో ప్రొపెల్లర్లు దేహం వెనుక భాగాన, వెనక్కి తిరిగి ఉంటాయి. అలాంటి అమరికలో రెక్క, ఇంజను ఆధారాలు విడిచిన కలత గాలిని బ్లేడులు ప్రతి భ్రమణంలోనూ కోయవలసి వస్తుంది. రెక్కకు ప్రశాంతమైన గాలి దొరికినా, ప్రొపెల్లరు ఆ ప్రశాంతతకు శబ్దం, కంపనాల రూపంలో బదులు చెల్లిస్తుంది.

6. నమూనాల మెట్లు

పై చర్చ ఆధారంగా అందుబాటులో ఉన్న నమూనాలను మెట్లుగా అమర్చవచ్చు.

మొదటి మెట్టు ప్రేరక చక్రం. ఇది సగటు వేగాన్ని, సగటు మెలిని ఇస్తుంది. పట్టిక 1 అంతా ఈ మెట్టు మీదనే తయారైంది. పరిమాణాల స్థాయి తెలుసుకోవడానికి దీనికి మించినది లేదు.

రెండో మెట్టు బ్లేడు ఖండ సిద్ధాంతం. బ్లేడును మొదలు నుంచి కొస వరకు ఖండాలుగా విడదీసి, ఒక్కొక్క ఖండం ఉత్థాపనాన్నీ డ్రాగ్‌నూ లెక్కించి ద్రవ్యవేగ సిద్ధాంతంతో జోడిస్తుంది. ప్రవాహంలో వేగం, మెలి వ్యాసార్ధం వెంట ఎలా మారతాయో తెలుస్తుంది. పరిమిత సంఖ్యలో బ్లేడులు ఉండటం వల్ల కొసల దగ్గర జరిగే నష్టాన్ని ప్రాంటల్, గోల్డ్‌స్టీన్ ఇచ్చిన సవరణలు చేరుస్తాయి.

మూడో మెట్టులో ఆ ప్రవాహాన్ని ఉత్థాపక రేఖ మీదికో, రెక్క ఉపరితలాన్ని గళ్లుగా విడదీసే సుడుల జాలం మీదికో పంపుతారు. ప్రొపెల్లరు రెక్కను మార్చుతుంది, రెక్క ప్రొపెల్లరును మార్చదు. ఇది ఏకదిశా నమూనా. నాలుగో మెట్టులో రెక్క కలిగించే వాలును ప్రొపెల్లరుకు తిరిగి అందించి, రెండూ ఒక నిలకడకు వచ్చేవరకు లెక్కను పునరావృతం చేస్తారు. ఖాతాలు సరిగ్గా ముగిసేది ఇక్కడినుంచే. నేటి సాధారణ కంప్యూటరు మీద ఇది కొద్ది సెకన్ల పని.

అయిదో మెట్టులో గాలి జిగటను కూడా చేర్చే నేవియర్–స్టోక్స్ సమీకరణాలను సగటు రూపంలో సాధిస్తారు. ప్రొపెల్లరును అప్పటికీ బలాల చక్రంగానే ఉంచవచ్చు. లేదా బ్లేడుకు బదులు తిరిగే బలాల రేఖను ఉంచవచ్చు. ప్రవాహం పరిమిత ఎత్తు, రెక్క మీద గాలి విడిపోవడం, రెక్క చేత రెండుగా చీలిన ప్రవాహంలో పై సగం ఒకవైపు, కింది సగం మరోవైపు జరగడం వంటివి ఇక్కడ సహజంగానే వస్తాయి. ఆరో మెట్టులో నిజమైన బ్లేడులు నిజంగానే తిరుగుతాయి. ఒక్కొక్క డిగ్రీ చొప్పున తిప్పితే ఒక భ్రమణానికి 360 సాధనలు, నిలకడ రావడానికి అనేక భ్రమణాలు. ఒక్క స్థితికే వేల సాధనలు అవసరం.

మరి తిరిగే బ్లేడులను సగటు చక్రంగా మార్చడం ఎప్పుడు సమంజసం? క్రూయిజ్‌లో ప్రొపెల్లరు సెకనుకు 16.4 సార్లు తిరుగుతుంది. ఆరు బ్లేడులు కనుక రెక్కకు సెకనుకు దాదాపు 98 తాకిడులు. గాలి రెక్క వెడల్పును దాటే సమయంలో ఒకటిన్నర తాకిడి జరుగుతుంది. ఇంత త్వరగా మారే కోణానికి రెక్క ఉత్థాపనం పూర్తిగా స్పందించలేదు. ఒడిదుడుకులు చాలావరకు అణగిపోయి సగటే మిగులుతుంది. అందుచేత ఇంధనం, వేగం, ఆరోహణం గురించిన ప్రశ్నలకు సగటు చక్రం చాలు. ప్రయాణికుల గదిలో వినిపించే రొద, రెక్క పలకల కంపనం, బ్లేడు అలసట గురించి అడిగితే సగటు సమాధానం చెప్పలేదు. అక్కడ చివరి మెట్టు ఎక్కక తప్పదు.

ఏ మెట్టయినా ప్రయోగంతో పోల్చి చూడనిదే విశ్వసనీయం కాదు. డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో వెల్ధుయిస్ 2005లో సమర్పించిన సిద్ధాంతగ్రంథం వాయుసొరంగ కొలతలనూ వివిధ నమూనాలనూ పక్కపక్కన ఉంచి పరిశీలించింది. దేహం వైపు పైకి తిరిగే ప్రొపెల్లరు మేలన్న నిర్ణయానికి బలం చేకూర్చినవాటిలో ఆ కృషి ఒకటి.

7. బెంగళూరు కృషి

ఈ అంశంలో మన దేశంలో జరిగిన ముఖ్యమైన పరిశోధన రొద్దం నరసింహ (1933–2020) పేరుతో ముడిపడి ఉంది. ఆయన ఇంటిపేరు పెనుకొండ సమీపంలోని రొద్దం గ్రామానిది. 1984 నుంచి 1993 వరకు జాతీయ వాయు అంతరిక్ష ప్రయోగశాలల సంచాలకులుగా ఉన్న నరసింహ, భారతదేశానికి తగిన ప్రాంతీయ విమానం ప్రొపెల్లరుదే కావాలని నమ్మినవారు. తరవాతి కాలంలో జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత విజ్ఞాన పరిశోధన కేంద్రంలో రక్షిత్, దేశ్‌పాండే, ప్రవీణ్‌లతో కలిసి ఆయన చేసిన పని 2015లో అమెరికా వాయు అంతరిక్ష సంస్థ పత్రికలో వెలువడింది. ముందువైపు ప్రొపెల్లరు గల విమానానికి కనిష్ఠ డ్రాగ్ ఇచ్చే రెక్క ఆకారం ఏది అన్నది అందులోని ప్రశ్న.

ఆ బృందం ఎంచుకున్నది అత్యంత ఖరీదైన మెట్టును కాదు. ప్రొపెల్లరు ప్రవాహాన్ని చేర్చుకున్న ఉత్థాపక రేఖను. ఇందులో వివేకం ఉంది. ఉత్తమ ఆకారం వెదకడమంటే వేలాది రెక్కలను పరీక్షించడం. ఒక్కొక్క రెక్కకు రోజులు పట్టే నమూనాతో ఆ వెదుకులాట సాగదు. సరైన భౌతిక కారణాలను నిలుపుకొన్న చౌక నమూనాతో మంచి ఆకారాలను ముందు వడపోసి, మిగిలిన కొద్దింటిని ఖరీదైన నమూనాతో సరిచూడవచ్చు. రెక్కను ముందుగా ఒంటరిగా తీర్చిదిద్ది, ఆ తరవాత ఇంజనును అతికించే సంప్రదాయ క్రమాన్ని ఈ పని ప్రశ్నించింది. ప్రవాహం ఎలాగూ తప్పనప్పుడు రెక్కను ఆ ప్రవాహం కోసమే కోయాలన్నది దాని సారాంశం.

8. శిక్షణ విమానం, డ్రోను

దుండిగల్‌లో వాడే పీసీ-7 వంటి ఒకే ఇంజను విమానంలో ప్రొపెల్లరు ప్రవాహం విమాన దేహాన్ని చుట్టుకుంటూ పోతుంది. అది గడియారం ముల్లు దిశలో తిరగడం వల్ల ఎడమ రెక్క మొదలుకు గాలి కింది నుంచి, కుడి రెక్క మొదలుకు పై నుంచి తగులుతుంది. నిట్టనిలువు తోకకు ఎడమ పక్క నుంచి తగిలి విమానం ముక్కును ఎడమకు లాగుతుంది. పూర్తి శక్తితో, తక్కువ వేగంతో ఎగిరేటప్పుడు ఈ అసమానత గరిష్ఠం. టేకాఫ్‌లో కుడి పాదంతో రడ్డరు నొక్కమని శిక్షకులు చెప్పడానికి ఇదొక ప్రధాన కారణం. శిక్షణ విమానానికి నమూనా నిర్మించేవారు రెండు రెక్కలూ సమానమనుకొని సగం విమానాన్నే లెక్కిస్తే, శిక్షార్థికి అన్నింటికంటె అవసరమైన సమాచారమే లుప్తమవుతుంది. 2016 మేలో తొలిసారి ఎగిరిన హెచ్‌ఏఎల్ వారి హెచ్‌టీటీ-40 వంటి స్వదేశీ శిక్షణ విమానాలకూ ఇదే వర్తిస్తుంది.

రెండు ఇంజన్ల విమానంలో ఒకటి ఆగినప్పుడు కూడా ఇలాగే ఆలోచించాలి. థ్రస్టు ఒకవైపే ఉండటం వల్ల ముక్కు తిరగడం అందరికీ తెలిసిందే. దానితోపాటు ఆగిన వైపు రెక్క మీద ప్రవాహం ఇచ్చే ఉత్థాపనం కూడా పోయి విమానం ఆ వైపుకు ఒరుగుతుంది. టేకాఫ్‌లో గతిక పీడనం రెట్టింపయిందన్న పట్టికలోని అంకెకు అసలైన అర్థం ఆ క్షణంలో తెలుస్తుంది.

నిలువుగా లేచి, ఆపై రెక్కల మీద ఎగిరే డ్రోనులలో ఈ ప్రభావం మరింత తీవ్రం. 5 కిలోగ్రాముల డ్రోనును 38 సెంటీమీటర్ల వ్యాసం గల నాలుగు ప్రొపెల్లర్లు గాలిలో నిలిపి ఉంచాలంటే, వాటి ప్రవాహ వేగం సెకనుకు సుమారు 14 మీటర్లు కావాలి. అలాంటి డ్రోను ముందుకు ఎగిరే వేగం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. నిలువు స్థితి నుంచి అడ్డ స్థితికి మారే కొద్ది సెకన్లలో, ప్రవాహంలో ఉన్న రెక్క భాగానికి ఎదురయ్యే గాలిలో ఎంత ప్రొపెల్లరుది, ఎంత ప్రయాణానిది అని విడదీయలేం. పెద్ద విమానంలో చిన్న సవరణగా చేర్చుకునే ప్రభావం ఇక్కడ మూల సమస్యగా మారుతుంది.

9. ముగింపు

ప్రొపెల్లరు, రెక్కల పరస్పర ప్రభావం ఒకే సమస్య కాదు. టేకాఫ్‌లో అది వేగపు సమస్య; క్రూయిజ్‌లో మెలి సమస్య; శిక్షణ విమానంలో అసమానత సమస్య; ప్రయాణికుడి చెవికి కాలంతో మారే తాకిడుల సమస్య. నమూనాను ఎంచుకునే ముందు ప్రశ్నను ఎంచుకోవాలి. ఏ నమూనా వాడినా మూడు పరీక్షలు తప్పనిసరి: రెక్క పొడవునా పుట్టే సుడులను అది లెక్కిస్తోందా? రెక్క ప్రభావాన్ని ప్రొపెల్లరుకు తిరిగి అందిస్తోందా? అది చూపే లాభం ప్రవాహంలో అసలు ఉన్న శక్తిని మించకుండా ఉందా? మూడో పరీక్షకు పెద్ద కంప్యూటరు అక్కరలేదు. ఇంటర్మీడియట్ స్థాయి భౌతికశాస్త్రం, ఒక కాగితం చాలు. రెండు శాతం ఇంధనం ఒక్క ప్రయాణంలో స్వల్పమే. కానీ అవే విమానాలు చిన్న ఊళ్ల మధ్య రోజుకు అనేకసార్లు, ఏళ్ల తరబడి తిరుగుతాయి. అంతకాలమూ ఆ రెండు శాతం ఆదా అయ్యేది, లేదా వృథా అయ్యేది, రెక్క గీసిన నాటి లెక్కను బట్టే.